తిరుపతి ఎండలో అలంకార అరటి: నాటడం నుంచి పువ్వు దాకా

"అలంకార అరటి కొన్నాం, నెల తిరగకముందే ఆకుల అంచులు మాడిపోయాయి. నీళ్లు చాలలేదా?" ఏటా ఎండలు ముదిరే వేళకు తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి నుంచి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. చాలామంది విషయంలో నీళ్లు చాలకపోవడం కారణం కాదు. ఎక్కువ పోశారు, లేదా పోసిన నీళ్లలో ఉప్పు ఎక్కువ, లేదా వడగాలి నేరుగా తగిలే చోట మొక్కను పెట్టారు. అరటి నీళ్లు తాగే మొక్క అని అందరికీ తెలుసు. అందుకే ఆకు వాడితే ఇంకో బిందె పోస్తాం, లోపల దుంప కుళ్లుతుంది.

మన దగ్గర ఈ మొక్క బతికేదీ లేనిదీ ముందు తేల్చేది చోటు. తరువాత రకం. నీళ్లు, ఎరువులు ఆ తరువాతే. కింద చెప్పినవి ఆ లెక్కలోనే చదవండి. ఇవి గెల కోసం పెంచే అరటి కావు. ఆకు రంగు కోసం, పువ్వు కోసం పెంచేవి. కాబట్టి తోట రైతు పాటించే కొలతలన్నీ వీటికి అక్కర్లేదు.

కావలసినవి

- మొక్క లేదా వేళ్లున్న పిలక
- నేలలో అయితే అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంట. కుండీ అయితే 18 అంగుళాలది, అడుగున కనీసం నాలుగైదు రంధ్రాలతో
- ఎర్రమట్టి, గరుకు ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్ట్
- వేపపిండి, దొరికితే ట్రైకోడెర్మా (కుళ్లు తెచ్చే బూజులను అణిచే మేలు బూజు) పొడి
- ఎండుటాకులు లేదా వేరుశనగ పొట్టు, మొక్క మొదలు చుట్టూ కప్పడానికి
- 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల
- పదునైన కత్తి, వెదురు బొంగు, పాత బట్టలు. అరటి రసం మరక పడితే వదలదు. మంచి చీర, మంచి చొక్కాతో ఈ పనికి దిగకండి.

1. రకం ఎంచుకోండి

మొదటిసారి పెంచేవారు కళ్లు మూసుకుని వెల్యూటినా తీసుకోండి. నర్సరీల్లో గులాబీ అరటి అనో, పింక్ బనానా అనో అడిగితే ఇస్తారు. ఇది మన ఈశాన్య రాష్ట్రాల అడవుల మొక్క. అయిదారు అడుగులు మించదు. పువ్వు నిటారుగా పైకి నిలుస్తుంది. వేలెడు గులాబీ కాయల మీద సన్నని నూగు ఉంటుంది. పండితే తొక్క తనంతట తానే విచ్చుకుంటుంది. బాగా సాగితే ఏడాది లోపే పువ్వు చూడవచ్చు. లోపలి గుజ్జు తియ్యగానే ఉంటుంది గానీ నిండా రాళ్లలాంటి గింజలు. పిల్లలు కొరికి పళ్లు నొప్పి పెట్టుకోకుండా చూడండి.

కాస్త ఎత్తు కావాలంటే ఆర్నేటా. ఊదా గులాబీ డొప్పల పువ్వు, ఆరు నుంచి తొమ్మిది అడుగుల ఎత్తు. ఇదీ ఈశాన్య భారతం, బంగ్లాదేశ్, మయన్మార్ ప్రాంతానిదే. పువ్వు కోసి కూజాలో పెట్టుకుంటే చాలా రోజులు నిలుస్తుంది.

ఆకు అందం కోసం జెబ్రినా. పచ్చని ఆకు మీద ముదురు ఎరుపు మచ్చలు, అడుగు భాగమంతా ఎరుపు. ఇది తిరుపతిలో మధ్యాహ్నపు ఎండకు అసలు ఆగదు. తెల్లవారు ఎండ, ఆ తరువాత నీడ ఉంటేనే తీసుకోండి.

ఎర్రని నిప్పు కణంలాంటి పువ్వు పూసే కాక్సీనియా ఫొటో చూసి అందరూ మనసు పడతారు. అది దక్షిణ చైనా, వియత్నాంలోని తేమ అడవుల మొక్క. మన ఏప్రిల్ గాలికి దాన్ని నిలబెట్టడం చెయ్యి తిరిగినవారికే కష్టం. ఎర్ర ఆకుల మౌరెలీ ఇథియోపియా ఎత్తైన ప్రాంతాల జాతికి చెందినది. దానికి చల్లదనం కావాలి. మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు ఉన్నవారు ప్రయత్నించవచ్చు. 4,000 అడుగుల పైన ఉన్న హార్స్‌లీ హిల్స్ మీద అయితే ఇంకా నయం. తిరుపతి మేడ మీద మాత్రం వద్దు. పైగా అది పిలకలు పెట్టదు. ఒకసారి పూసి చచ్చిపోతుంది, అంతే. తెలుపు చారల ఆకుల 'ఏ ఏ' రకం జోలికి కూడా వెళ్లకండి. ఆ తెల్ల భాగమే ముందు మాడుతుంది, ధరేమో వేలల్లో ఉంటుంది.

ఇంకొకటి, పడమటి కనుమల రాళ్ల మధ్య పెరిగే సూపర్బమ్ అనే కొండ అరటి. బలిసిన కూజాలాంటి మొదలు దాని అందం. ఎండకాలం వచ్చేసరికి ఆకులన్నీ రాల్చి దుంప నిద్రపోతుంది. చచ్చిపోయిందనుకుని పారేసినవారు ఎందరో. దీన్ని కొంటే వేసవిలో నీళ్లు దాదాపు ఆపేసి, వానలకు మొవ్వు లేచేదాకా ఓపిక పట్టండి. ఇదీ పిలకలు పెట్టదు, గింజతోనే పెంచాలి.

2. కొనేటప్పుడు చూడవలసినవి

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. టిష్యూ కల్చర్‌లో (ప్రయోగశాలలో కణజాలం నుంచి) పెంచిన గ్రాండ్ నైన్ అనే మామూలు తోట అరటి పిల్లమొక్కల ఆకుల మీద కూడా ఎర్ర మచ్చలుంటాయి. నాలుగు నెలలు తిరిగితే ఆ మచ్చలు మాయమై మామూలు తోట అరటి మిగులుతుంది. జెబ్రినా అని అమ్ముతుంటే ఆకు తిప్పి అడుగు చూడండి. అడుగు ముదురు ఎరుపుగా లేకపోతే కొనకండి. ఎర్ర చక్రకేళి మొక్కను కూడా అలంకార రకమని అంటగట్టడం ఉంది. అది పన్నెండు అడుగులు దాటి కిటికీలు మూసేస్తుంది.

హెలికోనియాను చాలామంది అరటి అనే కొంటారు, అమ్ముతారు. ఆకు అరటిలాగే ఉంటుంది గానీ పువ్వు పడవల్లాంటి డొప్పలతో అటొకటి ఇటొకటిగా మెలిక తిరిగి ఉంటుంది. చెడ్డ మొక్క కాదు, మన ఎండకు కొంచెం మెరుగ్గానే తట్టుకుంటుంది. కానీ మీరు కోరింది అదేనా కాదా తెలిసి కొనండి. విసనకర్రలా ఆకులు పరిచే ట్రావెలర్స్ పామ్ కూడా అరటి కాదు. చిన్న పెరడులో పెట్టే మొక్క అంతకన్నా కాదు.

మొక్క మొదలు వేళ్ల మధ్య నొక్కి చూడండి. గట్టిగా ఉండాలి. మెత్తగా నొక్కుకుపోతే, సంచిలోని మట్టి పుల్లటి వాసన వేస్తే వదిలేయండి. మొవ్వు దగ్గర నల్లని చిన్న పేనుబంక కనిపించినా వద్దు. కడియం నర్సరీల నుంచి లారీలో వచ్చిన మొక్కలైతే వచ్చిన రోజునే ఎండలో పెట్టకండి. వారం రోజులు చెట్టు నీడన ఉంచి అలవాటు చేయండి.

3. చోటు

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అరటికి 27, 30 డిగ్రీల దగ్గర హాయి. ఎండను కొంతవరకు తట్టుకుంటుంది, తట్టుకోలేనిది పొడి వేడిగాలిని. ఆకు నుంచి నీరు ఎంత వేగంగా ఆవిరవుతుందో అంత వేగంగా వేళ్లు అందించలేవు. అంచులు మాడటం అక్కడే మొదలవుతుంది. మట్టి తడిగా ఉన్నా సరే.

అందుకని తూర్పు గోడ వారగా నాటండి. పదకొండు గంటల దాకా ఎండ, తరువాత ఇంటి నీడ. అలా కుదరకపోతే వేప, కానుగ చెట్ల చెదురు నీడ. పడమటి గోడ దగ్గర, మేడ మీద సిమెంటు నేల మధ్యలో, రెండిళ్ల మధ్య గాలి ఈలవేసే సందులో వద్దు. మేడ తప్ప వేరే దారి లేనివారు కుండీని ఇటుకల మీద పెట్టి, చుట్టూ తడి గోనె చుట్టి, పక్కన ఇంకో నాలుగు మొక్కలు గుంపుగా చేర్చండి. గుంపులో గాలి తేమ నిలుస్తుంది. ఒంటరి కుండీ మేడ మీద నిలవదు.

పరీక్ష సులభం. మధ్యాహ్నం రెండు గంటలకు మీరు అనుకున్న చోట పది నిమిషాలు నిలబడండి. మీకే నిలబడలేనంత వేడిగాలి కొడితే అక్కడ నాటకండి.

అలిపిరి, కపిలతీర్థం వైపు కొండకింద ఉన్నవారికి కోతుల బెడద ఉంది. పువ్వు మొగ్గను పీకేస్తాయి, మొవ్వునూ లాగేస్తాయి. పువ్వు పొడుచుకు రాగానే వల సంచి తొడగడం కన్నా మంచి ఉపాయం లేదు. పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో కౌండిన్య అభయారణ్యం అంచు గ్రామాల వారికి ఒక్కటే మాట: ఇంటి దగ్గర ఏ అరటీ వద్దు. ఏనుగుకు అలంకార అరటి, తోట అరటి అనే తేడా లేదు.

4. ఎప్పుడు నాటాలి

జూన్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా. రోహిణి కార్తె ఎండ తగ్గి, రెండు మంచి వానలు పడ్డాక. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి కాబట్టి అప్పటికి వేళ్లు పాకి ఉండాలి. నవంబరులో నాటిన పిలక కుళ్లుతుంది. మార్చిలో నాటినది మాడుతుంది. నీడవల వేసే ఓపిక ఉంటే ఫిబ్రవరి మొదట్లో నాటవచ్చు.

5. గుంట లేదా కుండీ సిద్ధం చేయండి

గుంట తవ్వాక నిండా నీళ్లు పోసి చూడండి. రెండు మూడు గంటల్లో ఇంకిపోతే మంచిది. మరునాటికీ నిలిచి ఉంటే అక్కడ గుంట వద్దు, అడుగు ఎత్తు మట్టి దిబ్బ చేసి దాని మీద నాటండి. 2021 నవంబరు వరదను చూసిన తిరుపతి పల్లపు కాలనీల వారికి ఈ దిబ్బ తప్పనిసరి అనే చెబుతాను. దుంప రెండు మూడు రోజులు నీళ్లలో మునిగితే చాలు, పని అయిపోతుంది.

తవ్విన మట్టిలో రెండు తట్టల చివికిన ఎరువు, అర కిలో వేపపిండి కలపండి. కుండీకైతే ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, ఎరువు ఒకటిన్నర పాళ్లు, రెండు గుప్పెళ్ల వేపపిండి. కొబ్బరిపొట్టు మాత్రమే నింపి అమ్మే సంచుల్లో అరటి నిలబడదు, గాలికి పడిపోతుంది. పచ్చి పేడ వేయకండి. వేడికి వేళ్లు చస్తాయి.

6. నాటండి

సాయంత్రం నాటండి. సంచిలో మట్టి ఎంత మట్టంలో ఉందో గుంటలోనూ అంతే, లేదా ఒక అంగుళం లోతుగా. నిలబడటం లేదని బోదెను అడుగు లోతు పాతిపెట్టేవారున్నారు, అది కుళ్లుకు పిలుపు. నిలబడకపోతే వెదురు బొంగు కట్టండి. వేళ్ల చుట్టూ మట్టిని చేత్తో నొక్కి, ఒక బిందె నీళ్లు పోసి, మొదలుకు నాలుగు అంగుళాల దూరం వదిలి ఎండుటాకులు పరచండి. పిలక అయితే ఉన్న ఆకులను సగానికి కోసేయండి. పది, పదిహేను రోజుల దాకా కొత్త ఆకు కోసం ఎదురుచూడకండి.

7. నీళ్లు

వేలు రెండు అంగుళాలు మట్టిలోకి దించండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. ఇదే నియమం, మిగతాదంతా వివరం.

కుండీకి వేసవిలో రోజూ పొద్దున్నే, రంధ్రాల నుంచి కారేదాకా. వడగాలి రోజుల్లో సాయంత్రం మళ్లీ ఒకసారి చూడండి. నేలలో ఉన్న గుబురుకు వేసవిలో రోజు విడిచి రోజు పది పదిహేను లీటర్లు. వానాకాలంలో వానే చాలు. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. దోమలకు అదే చాలు, దుంపకూ అదే చేటు.

మధ్యాహ్నం ఆకు రెండు సగాలు ఈనె వెంట కిందికి ముడుచుకుంటే కంగారు పడకండి. ఎండ నుంచి తనను తాను కాచుకోవడం అది. సాయంత్రానికి విచ్చుకుంటే అంతా సవ్యమే. తెల్లవారి ఏడు గంటలకు కూడా ముడుచుకునే ఉంటే అప్పుడు మట్టి చూడండి. పొడిగా ఉంటే దాహం. తడిగా ఉంటే వేళ్లు దెబ్బతిన్నాయి, ఇంకా నీళ్లు పోస్తే చంపినట్టే.

ఇక ఉప్పు సంగతి. చాలా కాలనీల్లో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర కడితే అది ఉప్పే. ఆకు అంచున గోధుమ రంగు చార పాత ఆకుల నుంచి మొదలై లోపలికి పాకుతుంది. కల్యాణి డ్యామ్ నీళ్లో, తెలుగుగంగ నీళ్లో వచ్చే కుళాయి ఉంటే అవే వాడండి. వాన నీళ్లు పట్టి ఉంచితే ఇంకా మంచిది. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, వేసవి కుండీలకు అవి వరం. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లను మాత్రం వృథా చేయకూడదని అరటికి పోయకండి. నీళ్లలోని ఉప్పంతా చేరేది వాటిలోనే. బట్టలు ఉతికిన సబ్బు నీళ్లూ అంతే. వెనకటి రోజుల్లో పెరటి అరటి స్నానాల గది కాలువ దగ్గరే పెరిగేది నిజమే. అప్పుడు ఆ కాలువలో డిటర్జెంట్ లేదు.

బోరు నీళ్లే గతి అయితే నెలకోసారి మంచి నీళ్లతో కుండీని బాగా కడగండి. కుండీ పరిమాణానికి రెండింతల నీళ్లు నెమ్మదిగా పోస్తే ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

8. ఎరువు

అరటికి పొటాష్ అంటే ప్రాణం. కొత్త మొక్క మూడు ఆకులు వేసేదాకా ఏమీ వేయకండి. తరువాత నేలలోని గుబురుకు నెలకోసారి 20 గ్రాముల యూరియా, 25 గ్రాముల పొటాష్, మొదలుకు అడుగు దూరంలో చల్లి నీళ్లు పెట్టండి. కుండీకి 19-19-19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) లీటరు నీటికి రెండు గ్రాముల చొప్పున పదిహేను రోజులకోసారి. ఉప్పు నీళ్లున్నవారు మామూలుగా దొరికే, క్లోరైడ్ ఉండే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌కు బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ తీసుకోండి, ధర ఎక్కువైనా సరే. రసాయనాలు వద్దనేవారు నెలకు రెండు దోసిళ్ల వర్మికంపోస్ట్, ఒక గుప్పెడు వేపపిండి వేస్తే ఎదుగుదల నెమ్మదిగానైనా సాగుతుంది. కట్టెల బూడిద ఎక్కువ వేయకండి. మన నీళ్లకు మట్టి ఇప్పటికే క్షారం వైపు మొగ్గి ఉంటుంది. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు చెప్పుకునేంత మేలు చేయవు, ఈగలు మాత్రం తప్పకుండా వస్తాయి.

నడి వేసవిలో, జోరు వానల్లో ఎరువు ఆపండి.

ఫలితం ఎలా తెలుస్తుంది? కొత్తగా విప్పిన ఆకు తొడిమ మీద మార్కర్‌తో తేదీ రాయండి. వెచ్చని కాలంలో తరువాతి ఆకు వారం నుంచి పది రోజుల్లో విప్పాలి. మూడు వారాలైనా మొవ్వు కదలకపోతే ఎరువు పెంచకండి, వేళ్లను అనుమానించండి. డిసెంబరు, జనవరిలో నెమ్మదించడం మామూలే.

9. పిలకలు

గుబురుకు మూడు నాలుగు బోదెలు చాలు. అన్నీ వదిలితే ఏదీ సరిగా పూయదు. సన్నని కత్తుల్లాంటి ఆకులతో లేచేవి బలమైన పిలకలు. చిన్నప్పుడే వెడల్పాకులు విప్పేవి నీటి పిలకలు, వాటిని తీసేయండి. అడుగున్నర ఎత్తు వచ్చాక తల్లి వైపు కత్తి దించి, వేళ్లతో సహా వేరుచేయండి. కోసిన చోట ఒక రోజు నీడన ఆరనిచ్చి నాటండి.

పిలక ఎవరికైనా ఇచ్చే ముందు తల్లిని పరీక్షగా చూడండి. ఆకులు పొట్టిగా, ఇరుకుగా, నిటారుగా ఒకదాని మీద ఒకటి కుచ్చులా చేరి, తొడిమల మీద ముదురాకుపచ్చ చుక్కలు, గీతలు కనిపిస్తే అది వెర్రితల తెగులు. వైరస్ వల్ల వస్తుంది, పేనుబంక మోస్తుంది, మందు లేదు. దుంపతో సహా తవ్వి నాశనం చేయండి. రైల్వేకోడూరు చుట్టుపక్కల అరటి తోటలతో బతికే కుటుంబాలున్నాయి. మీ పెరటి ముచ్చట వారి తోటకు తెగులు కాకూడదు.

10. వేసవి, తుఫాను

మార్చి మధ్యకు నీడవల కట్టండి, పడమటి వైపు తప్పకుండా. మాడిన అంచులను కత్తెరతో ట్రిమ్ చేయవచ్చు. సగం పచ్చగా ఉన్న ఆకును మాత్రం తీయకండి, అది ఇంకా అన్నం వండుతూనే ఉంటుంది. తుఫాను హెచ్చరిక వస్తే కుండీలను గోడ వారగా పడుకోబెట్టడం మేలు. నేలలోని ఎత్తైన బోదెలకు రెండు వైపులా బొంగులు కట్టి, పెద్ద ఆకులు రెండు మూడు కోసేయండి. ఆకులు చీలడం జబ్బు కాదు. గాలికి చీలి దారి ఇవ్వకపోతే బోదే విరుగుతుంది.

11. ఆకు చూసి పోల్చుకోండి

పాత ఆకులన్నీ ఒకే తీరుగా పసుపు: నత్రజని తక్కువ. పాత ఆకుల అంచులు పసుపై, ఆపై మాడటం: పొటాష్ లోపం లేదా ఉప్పు. తెల్లని పొర ఉందేమో చూసి తేల్చండి. కొత్త ఆకు పసుపు, ఈనెలు పచ్చ: ఇనుము అందడం లేదు. అన్నభేది (ఇనుప సల్ఫేట్) లీటరుకు అయిదు గ్రాములు, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఆకు అడుగున సన్నని గూడు, పైన దుమ్ము పట్టినట్టు వెలసిన రంగు: ఆకు రసం పీల్చే నల్లి. నీళ్లు గట్టిగా కొట్టి అడుగు భాగం కడగండి, తగ్గకపోతే వేపనూనె లీటరుకు అయిదు మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు ద్రవంతో. మండుటెండలో నూనె కొడితే ఆకు మాడుతుంది.

మొదలు మెత్తబడి దుర్వాసన వస్తే దుంపకుళ్లు. వెంటనే పెకలించి, గోధుమ రంగు భాగమంతా తెల్లని కండ కనిపించేదాకా కోసేసి, నీడన ఆరబెట్టి, ఇసుక ఎక్కువ కలిపిన కొత్త మట్టిలో నాటండి. దుంపలో సగం తెల్లగా మిగిలితే ఆశ ఉంది. లేకపోతే లేదు.

12. పువ్వు వాడాక

ఒక బోదె ఒక్కసారే పూస్తుంది. పువ్వు వాడిన తరువాత దాన్ని ఉంచడం వల్ల లాభం లేదు, నేలకు అర అడుగు పైన కోసేయండి. గింజలు కావాలంటే కాయ విచ్చేదాకా ఆగి, గుజ్జు కడిగి, రెండు రోజులు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నీళ్లు రోజూ మారుస్తూ, ఆ తరువాత నాటండి. కొన్ని నెలకు మొలుస్తాయి, కొన్ని మూడు నెలలు తీసుకుంటాయి. తొట్టి పారేయకండి.

వినాయక చవితికో, పక్కింట్లో పెళ్లికో ద్వారానికి కట్టుకోవడానికి ఒక బోదె ఇవ్వమని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పూయని బోదె మీద చెయ్యి వేయనివ్వకండి. పూసి వాడినది ఎలాగూ కోయవలసిందే, అది ఇవ్వండి. కోసేది మాత్రం మీరే కోయండి, పక్కనున్న పిలకకు కత్తి తగలకుండా.